నూరు దగ్గర వంగిన గీత

సంచి అడుగున ముందు పాత దుప్పటి మడిచి వేసింది అమ్మ. దాని మీద రెండు జతల బట్టలు, ఆ బట్టల మధ్య బాబాయి కుంచెల మూట. బాబాయి మూటని పైకి లాగాడు. అమ్మ మళ్ళీ లోపలికి కుక్కింది.

"వదినా, కుంచెలు పైనుండాలి. అడుగున పెడితే వెంట్రుకలు వంగిపోతాయి. వంగిన కుంచెతో పేరు రాస్తే ఓడ కూడా వంకరగానే పోతుంది."

"పైన పెడితే బస్సులో ఎవడో ఒకడు వాటి మీద కూర్చుంటాడు."

"సీటు దొరక్కపోతే కూర్చునేది నేనే."

"మాటలకేం తక్కువ లేదు. అక్కడ నీకు చలి చేస్తే ఎవరు చూస్తారు, జ్వరం వస్తే ఎవరు చూస్తారు, ఆ ఆలోచన లేదు గాని."

"ఓడలు చూస్తాయి."

వాళ్ళిద్దరి గొడవా కిటికీ దగ్గర కూర్చున్న పిల్ల చెవిన పడుతూనే ఉంది గాని బుర్రకెక్కడం లేదు. ఇంట్లో ఆ పిల్లని చిటపట అంటారు. ఆ పేరు పెట్టింది బాబాయే. చిన్నప్పుడు పాలు చల్లారేదాకా ఆగమన్నా ఆగలేక గిన్నె మీద అరిచేదట. ఇప్పుడు పదో తరగతికి వచ్చినా పేరు మారలేదు, పిల్లా మారలేదు.

కిటికీ ఊచకి ఒక స్ప్రింగు వేలాడుతోంది. దాని కింద చిన్న తక్కెడ పళ్ళెం. పక్కన నిలువుగా కట్టిన స్కేలు. పళ్ళెంలో ఇరవై గ్రాముల బిళ్ళ పెట్టడం, స్ప్రింగు ఊగడం ఆగేదాకా బుగ్గలు బిగించి కూర్చోవడం, ఎంత సాగిందో చూసి రాసుకోవడం, మరో బిళ్ళ పెట్టడం. ఆ పొద్దున ఇది మూడోసారి. చిటపట కళ్ళు ఎర్రబడ్డాయి. పెన్సిలు వెనక భాగం నమిలి నమిలి పీచయింది.

"మళ్ళీ అక్కడే! మళ్ళీ నూరు దగ్గరే!" అని స్కేలు నేల మీద కొట్టింది.

"స్కేలు విరిగితే నాది అడక్కు. నాది సంచిలోకెళ్ళిపోయింది" అన్నాడు బాబాయి.

గొడవంతా గోడకి ఆనించి ఉన్న చార్టుది. మర్నాడు బళ్ళో సైన్సు ప్రదర్శన, అందుకే ఇవాళ పాఠాలు లేవు. సైన్సు మేడం ఒక్కొక్కరికీ ఒక్కో ప్రయోగం ఇచ్చి, దాని గ్రాఫు పెద్ద చార్టు మీద చేత్తోనే గీసి తెమ్మంది. అచ్చు వేసిన గళ్ళ కాగితం అతికించకూడదు. గళ్ళు కూడా ఇంట్లోనే గీసుకోవాలి. చిటపటకి వచ్చింది స్ప్రింగు. బరువు పెంచుతూ పోతే స్ప్రింగు అదే వరుసలో సాగుతూ పోతుంది. అడుగు గీత మీద బరువు, నిలువు గీత మీద సాగిన పొడవు వేసి గుర్తులు పెడితే, అవన్నీ ఒక తిన్నని గీత మీదకి రావాలి. పుస్తకంలో అలాగే ఉంది. మేడం కూడా అదే చెప్పింది.

చిటపట గ్రాఫులో గుర్తులు నూరు గ్రాముల దాకా బుద్ధిగా వరుస కట్టి వచ్చాయి. అక్కణ్ణించి నడుం వాల్చినట్టు పక్కకి ఒరిగిపోయాయి.

నిన్న తరగతిలో మేడం చార్టుని బల్ల మీద పరిచి చాలాసేపు చూసింది. గళ్ళు చూసి "ఎవరు గీశారు?" అంది. "మా బాబాయి. బోర్డుల పెయింటరు" అని చిటపట గొప్పగా చెప్పింది. పైన శీర్షిక కూడా బాబాయే రాశాడు, 'బరువు మోసే స్ప్రింగు' అని, నీలం అక్షరాలకి పక్కన సన్నటి ఎర్ర నీడతో. మేడం వేలు శీర్షిక మీంచి గుర్తుల మీదకి దిగి, నూరు దగ్గర ఆగిపోయింది.

"ఇది చూడు. స్ప్రింగు అలిసిపోతే బరువుకి మించి సాగాలి. నీది నూరు దాటాక సాగనంటోంది. ఏం, అలిగిందా?"

తరగతంతా గొల్లుమంది.

"కొలతలు సరిగ్గానే తీశాను మేడం."

"అయితే గీత ఎందుకు వంగింది? నూరుకీ నూట ఇరవైకీ మధ్య నూట పది కూడా పెట్టి చూడు. ప్రదర్శన గోడ మీద ఒక్క చోటే మిగిలింది. రేపు సాయంత్రం బడి మూసేలోగా సరిచేసి తెస్తే నీది. లేకపోతే మొదటి బెంచీ పిల్ల రెండో చార్టు గీసి సిద్ధంగా పెట్టుకుంది, అది పెట్టేస్తాను."

మొదటి బెంచీ పిల్ల అప్పటికే చార్టుకి రబ్బరు బాండు కూడా వేసుకు కూర్చుంది.

ఆ ఒక్క చోటు చిటపటకి ఎందుకు కావాలంటే, బాబాయి కోసం. ఒకప్పుడు ఆ వీధిలో మంగలి కొట్టు మొదలు మందుల కొట్టు దాకా ప్రతి బోర్డూ బాబాయి చేతి రాతే. తరవాత యంత్రం మీద అచ్చు వేసే ప్లాస్టిక్ బోర్డులు వచ్చాయి. ఒక్కో కొట్టువాడూ మొహమాటపడుతూనే పాత బోర్డు దింపేశాడు. చివరికి టైర్ల కొట్టు బోర్డు కూడా పోయింది. అది సొంత అన్నది, అంటే చిటపట నాన్నది. గాలివానకి పగిలిపోతే, కంపెనీవాళ్ళు ఊరికే ఇచ్చిన బోర్డు తగిలించాల్సి వచ్చింది. ఆ రోజు బాబాయి నవ్వుతూనే అన్నం తిన్నాడు గాని సగంలో లేచిపోయాడు. ఇప్పుడు రేవు పట్టణంలో ఓడల మీద పేర్లు రాసే పని దొరికింది. సాయంత్రం బస్సు. వెళ్ళేముందు ఒక్కసారి, ఒక్క గోడ మీదైనా తన అక్షరాలు చూసుకుని వెళ్ళాలి. ఈ మాట బాబాయి అనలేదు. చిటపటే అనుకుంది.

అందుకే పొద్దున్నే లేచి మూడుసార్లు కొలిచింది. స్ప్రింగు మీద అనుమానం వచ్చి పక్కింటి పిల్ల దగ్గర ఇంకో స్ప్రింగు అడిగి తెచ్చింది. అది కొత్తది, బిగువైనది. గీత కాస్త పల్లంగా వచ్చింది గాని వంగడం మాత్రం నూరు దగ్గరే వంగింది. బిళ్ళల మీద అనుమానం వచ్చి కూరగాయల కొట్టుకి పట్టుకెళ్ళి తూయించింది. బిళ్ళలు సరిగ్గానే ఉన్నాయి. కొట్టువాడు మాత్రం "నా తక్కెడని పరీక్ష చేయడానికి వచ్చావా?" అని చిన్నబుచ్చుకున్నాడు.

"నూట నలభై దగ్గర రెండు సెంటీమీటర్లు పైకి పెట్టేయరాదూ?" అన్నాడు బాబాయి సంచి తాడు వెతుక్కుంటూ. "తిన్నగా వచ్చేస్తుంది. ఎవరు పట్టుకుంటారు?"

"దొంగ లెక్క రాయమంటావా?"

"దొంగ లెక్క కాదే. సర్దుబాటు."

"నువ్వు నోర్మూసుకుని కాసేపు కూర్చో బాబాయ్!"

"చూశావా వదినా, ఊరెళ్ళేవాణ్ణి ఎలా సాగనంపుతోందో?"

"నువ్వు దాన్ని కదపకు. పొద్దుటి నుంచీ అగ్గి మీద గుగ్గిలంలా ఉంది" అంది అమ్మ.

చిటపట ముక్కు ఎగబీల్చి మేడం చెప్పిన నూట పదికి దిగింది. పళ్ళెంలో నూరు మీద పది గ్రాముల బిళ్ళ పెట్టి పొడవు రాసుకుంది. ఇప్పుడు దాన్ని చార్టు మీద పెట్టాలి. నూట పది అంటే నూరుకీ నూట ఇరవైకీ సరిగ్గా నడిమధ్య. నడిమధ్య ఎక్కడో కళ్ళతో ఊహించి పెడితే మేడం ఒప్పుకోదు. అందుకని ఒక కాగితం పట్టీ చింపి, నలభైకీ అరవైకీ మధ్య ఆనించి, ఆ కొలతకి కత్తిరించింది. దాన్ని సగానికి మడిచి మడత దగ్గర గోటితో నొక్కింది. మళ్ళీ విప్పి, పట్టీ ఒక కొస నూరు దగ్గర పెట్టింది.

రెండో కొస నూట ఇరవై దాకా రాలేదు.

పట్టీ జారిందేమో అనుకుంది. మళ్ళీ పెట్టింది. పెన్సిలు మందాన ఖాళీ మిగిలింది. నూట ఇరవై నుంచి నూట నలభైకి పెట్టింది. అక్కడా అంతే. చార్టు మొదటికి వెళ్ళి సున్నా నుంచి ఇరవైకి పెట్టింది. అతికినట్టు సరిపోయింది. ఇరవై, నలభై, అరవై, ఎనభై, అన్నీ సరిపోయాయి. నూరు దాటిన గళ్ళే వెడల్పు.

చిటపటకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"బాబాయ్, ఇటు రా."

"సంచి కడుతున్నా తల్లీ."

"సంచి తరవాత కట్టుకోవచ్చు. ఇదేమిటి?"

బాబాయి వచ్చి వంగి చూశాడు. పట్టీ ఆనించిన చోటు చూసి మొహం విప్పార్చాడు. "ఓ, అదా! కనిపెట్టేశావే! ఇరవై, నలభై అంటే రెండంకెలు. నూరు నుంచి మూడేసి. మూడంకెల్ని రెండంకెల చోట్లో కుక్కితే వాటికి ఊపిరాడుతుందా? అందుకని అక్కణ్ణించి ఒక్క పిసరు జరిపాను. చూడు, ఇప్పుడు అన్నిటి మధ్యా ఖాళీ ఒకేలా కనిపించడం లేదూ? బోర్డు పనిలో అదే అసలు కిటుకు. స్కేలుతో సమానంగా పెడితే కంటికి ఎగుడుదిగుడుగా ఉంటుంది. కంటికి సమానంగా ఉండాలంటే చేత్తో జరపాలి. జరిపినట్టు ఎవరికీ తెలియకూడదు."

"ఎవరికీ తెలియలేదు!" చిటపట గొంతు ఇల్లు దాటి వీధిలోకి వెళ్ళింది. "నిజంగానే ఎవరికీ తెలియలేదు బాబాయ్! నాకు తెలియలేదు, మేడానికి తెలియలేదు! స్ప్రింగు మార్చాను, బిళ్ళలు తూయించాను, నూరుకొచ్చేసరికి దానికేం దయ్యం పడుతోందోనని పొద్దుటి నుంచీ చస్తున్నాను! దయ్యం నువ్వే!"

"ఏమైందే? ఇంటి కప్పు లేచిపోయేలా ఆ అరుపులేంటి?" అని అమ్మ వచ్చింది.

"గళ్ళు తప్పు గీశాడమ్మా!"

"తప్పు కాదు వదినా, అందంగా గీశాను."

"ఇది బోర్డు కాదు, గ్రాఫు! ఇరవై గ్రాములంటే ఎక్కడైనా ఇరవై గ్రాములే! ఇక్కడో ఇరవై, అక్కడో ఇరవైనా?"

"మరి మీ మేడం స్కేలు పెట్టి చూడలేదా?"

"నీ గీతలు చూస్తే ఎవరికైనా స్కేలు పెట్టాలనిపిస్తుందా?"

ఆ మాటకి నవ్వాలో, బాధపడాలో బాబాయికి అర్థం కాలేదు. చార్టు ముందు గొంతుక్కూర్చున్నాడు. నూరు మీద వేలు పెట్టి, నూట నలభై దాకా జరిపి, మళ్ళీ వెనక్కి వచ్చాడు. రెండు రాత్రులు వంగి కూర్చుని గీసిన గళ్ళు. వేళ్ళకి ఆ నీలం ఇంకా పోలేదు.

"అయితే ఇది పనికిరాదా?"

"రాదు."

"శీర్షికైనా?"

కొత్త చార్టు కొనే వీలు లేదు. ప్రదర్శన పుణ్యమా అని కొట్లో చార్టులన్నీ ఖాళీ అయ్యాయి. ఉన్నదాన్ని తిప్పి వెనక వైపు గీయాలి. అలా గీస్తే నీలం అక్షరాలు గోడవైపుకి పోతాయి. చోటు దక్కినా ఎవరి కోసం దక్కినట్టు? కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి బాబాయికి కనపడకుండా చార్టుని దబాలున తిప్పేసింది.

"జరుగు, నేను గీస్తా. ఈసారి స్కేలు పెట్టే" అన్నాడు బాబాయి.

"వద్దు! నీ చెయ్యి ఊరుకోదు. నేనే గీసుకుంటా."

"సరే, ముట్టుకోను. ఇదిగో." రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

చిటపట పెన్సిలు చెక్కింది. మొదటిసారి ముక్కు విరిగింది. రెండోసారి సూదిలా వచ్చింది. కాగితం పట్టీని ఆనించి సమానంగా గుర్తులు పెట్టుకుంటూ పోయింది. నిలువు గీతలు గీయబోతే మొదటిదే సగంలో పాములా మెలికపడింది. రబ్బరు పెట్టి రుద్దింది. మళ్ళీ గీసింది. మళ్ళీ మెలిక. చార్టు మీద మరక పడింది. పళ్ళు నూరింది.

గోడ దగ్గర బాబాయి గొంతు సవరించుకున్నాడు. "ఒక్క మాట చెప్పనా?"

"చెప్పకు."

"పెన్సిలు ముక్కుని చూస్తున్నావు నువ్వు. దాన్ని చూడకు. గీత ఎక్కడికి చేరాలో అక్కడ చూడు. ఊపిరి బిగబట్టి ఒక్క లాగు. మధ్యలో ఆగకు."

చిటపట విననట్టే ఉంది. కాసేపటికి తలెత్తి గీత చేరాల్సిన చోటు చూసి, ఊపిరి బిగబట్టి లాగింది. గీత తిన్నగా వచ్చింది. ఇద్దరూ దాన్ని చూశారు.

అంకెలు వేయడం మొదలుపెట్టింది. ఇరవై, నలభై బాగానే ఉన్నాయి. నూరు, నూట ఇరవై, నూట నలభై వచ్చేసరికి చిన్న బెంచీ మీద లావుపాటి మనుషులు కూర్చున్నట్టు ఒకదాన్నొకటి ఒరుసుకున్నాయి. బాబాయి చేతులు తొడల కిందే ఉన్నాయి గాని మోకాళ్ళు ఆడుతున్నాయి.

"ఘోరంగా ఉంది" అన్నాడు.

"ఉండనీ."

"కనీసం ఆ చివరి సున్నా..."

"బాబాయ్!"

గుర్తులు పెట్టింది. లావుపాటి చుక్కలు కాకుండా సన్నటి ఇంటూ గుర్తులు. ఒక్కొక్కటి పెట్టాక వెనక్కి జరిగి చూసింది. ఎనభై తరవాత నూరు. నూరు తరవాత నూట పది. ఒరగలేదు. నూట ఇరవై, నూట నలభై, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. పొద్దుటి నుంచీ పడ్డ పాట్లకి సంతోషించాల్సింది. ఇంత సులువైన దానికా ఇంత చచ్చాను అని ఇంకా ఒళ్ళు మండింది.

గుర్తులన్నీ సూటిగా ఒక్క గీత మీదే లేవు. ఒకటి వెంట్రుకంత పైన, ఇంకొకటి కింద. గుర్తు నుంచి గుర్తుకి గీత గీస్తే రంపపు పళ్ళలా ఉంటుందనీ, అన్నిటి మధ్య నుంచీ ఒకటే గీత పోవాలనీ మేడం చెప్పింది. ఎక్కడి నుంచి ఎక్కడికి? స్కేలు పెడితే కింది గుర్తులు మరుగున పడుతున్నాయి. అటు జరిపింది, ఇటు జరిపింది, విసిగిపోయి స్కేలు వదిలేసింది.

బాబాయి లేచి సంచి తాడు విప్పాడు. "మళ్ళీ విప్పుతావా? ఇప్పుడేగా కట్టాను!" అని అమ్మ కేకేసింది. అడుగు నుంచి సుద్ద దారం ఉండ తీశాడు. బోర్డు మీద అక్షరాలకి వరస గీయడానికి సుద్ద పూసి లాగి కొట్టే దారం అది. సుద్దంతా దులిపి ఒక కొస అమ్మ చేతికిచ్చాడు, రెండో కొస తను పట్టుకున్నాడు.

"చేత్తో ముట్టుకోనులే. దారమే ముట్టుకుంటుంది. నువ్వు చెప్పు, ఎక్కడ ఆపాలో."

చార్టు మీద దారం బిగిసింది. చిటపట బోర్లా పడుకుని ఒక కన్ను మూసి చూసింది. "అమ్మా, కాస్త పైకి. పైకంటే అంత పైకా? దించు. బాబాయ్, నువ్వు కదలకు. అమ్మా, ఇంకో పిసరు. ఆఁ, ఆగండి! ఊపిరి పీల్చకండి!"

"చంపేసేట్టుందే ఇది మమ్మల్ని" అంది అమ్మ ఊపిరి బిగబట్టే.

పైన కొన్ని గుర్తులు, కింద కొన్ని గుర్తులు, మధ్యలో దారం. రెండు కొసల దగ్గరా చిటపట గుర్తు పెట్టుకుంది. తరవాత స్కేలు ఆనించి, గీత చేరాల్సిన చోటు చూస్తూ ఒక్క లాగు లాగింది.

గీత ఎక్కడా వంగలేదు.

బాబాయి దారం చుట్టుకుంటూ దాన్ని చాలాసేపు చూశాడు. "అందంగా లేదు" అన్నాడు. ఉండ ముడేసి, "బాగుంది" అన్నాడు.

"శీర్షిక రాయి" అంది చిటపట మొహం తిప్పుకుని. "అది నీ ఇష్టం. అక్కడ కొలత లేదు."

అమ్మ నెత్తి కొట్టుకుంది. కుంచెల మూట కోసం సంచి మొత్తం నేల మీద కుమ్మరించాల్సి వచ్చింది. "బస్సు పోతుంది, బస్సు పోతుంది" అని అమ్మ గుమ్మానికీ గదికీ మధ్య తిరుగుతూనే ఉంది. బాబాయికి వినపడలేదు. 'బరువు మోసే స్ప్రింగు' అని నీలంతో రాసి ఎర్ర నీడ వేశాడు. స్కేలు పట్టలేదు. కంటితోనే జరుపుకున్నాడు.

రంగు ఆరలేదు. చుడితే అంటుకుపోతుంది. అందుకని చార్టుని పరిచినట్టే ఇద్దరూ చెరో వైపు పట్టుకుని బయల్దేరారు. బాబాయి భుజాన సంచి. వీధి మలుపులో గాలి చార్టుని తెరచాపలా ఎగదోసింది. "వంచకు! గట్టిగా పట్టుకో!" అని చిటపట అరుస్తూనే ఉంది. ఎదురొచ్చిన మందుల కొట్టు ఆయన ఆగి శీర్షిక చూసి, "నీ చెయ్యేనా?" అని బాబాయిని అడిగాడు. "నాదే. కింది గీత మాత్రం మా పిల్లది" అన్నాడు బాబాయి.

బడి గేటు దగ్గర కాపలాదారు అడ్డం పడ్డాడు. "పిల్లలే లోపలికి. పెద్దవాళ్ళు రేపు."

"రేపు ఈయన ఉండడు! ఒక్క నిమిషం" అని బతిమాలింది చిటపట. కాపలాదారు కదల్లేదు. అదే పనిగా బస్సు హారను వినపడింది వీధి చివర.

"పో, ముందు అది లోపలికి తీసుకెళ్ళు. మేడం వెళ్ళిపోతుంది" అన్నాడు బాబాయి.

"నువ్వు చూడకుండానే?"

"చూడకుండా ఎందుకుంటాను? వచ్చే వేసవికి వస్తాగా. అప్పుడు చూస్తా. చార్టుకి కాళ్ళొస్తాయా ఏంటి?"

చిటపట చార్టు నెత్తి మీద ఎత్తుకుని లోపలికి పరిగెత్తింది. జరిగింది విని మేడం ఈసారి ముందు స్కేలే తీసింది. అడుగు గీతంతా కొలిచింది. "ఇంతేనా సంగతి!" అంది. తరవాత నిలువు గీత చూసి, "సెంటీమీటర్లని ఎవరు రాస్తారు? అంకెలు ఊరికే వేలాడుతున్నాయి" అంది. చిటపట పళ్ళు కొరుక్కుంటూ అక్కడే నిలబడి రాసింది. మూడంకెలన్నీ ఇరుగ్గా ఉన్నాయని కూడా మేడం అనబోయి, పిల్ల మొహం చూసి ఊరుకుంది. మెట్ల పక్క మిగిలిన చోట్లో చార్టు తగిలించింది.

చిటపట మళ్ళీ గేటు దగ్గరికి వచ్చేసరికి వీధిలో బస్సు లేదు.

ప్రదర్శన అయిపోయాక మిగతా చార్టులన్నీ తీసేశారు గాని, గ్రాఫు ఎలా గీయాలో కింది తరగతులకి చూపించడానికి మేడం దాన్ని గోడ మీదే ఉంచింది. పిల్లల చేతులు తగిలి తగిలి పెన్సిలు గీత పలచబడింది. నీలం అలాగే ఉంది. బాబాయి ఆ వేసవిలో రాలేదు. ఆ తరవాత ఏ వేసవిలోనూ రాలేదు.